అదోబో పచ్చి పులుపు, పన్సిత్ ముద్ద: ఫిలిపీనో ఇంటి వంటల్లో తప్పు ఎక్కడ జరుగుతోంది?

గరిటె_కెసోన్ అడిగిన ప్రశ్న

కెసోన్ సిటీలో ఉంటున్నాం. రోజువారీ వంట ఎక్కువగా ఇక్కడి పద్ధతిలోనే. వచ్చే నెలలో ఇంట్లో పుట్టినరోజు ఉంది. ఇరవై మంది దాకా వస్తారు, వాళ్లలో ముగ్గురు పంది మాంసం ముట్టరు. బయట ఆర్డర్ ఇవ్వకుండా అన్నీ ఇంట్లోనే చేయాలని ఉంది. ఈలోపు ఈ నాలుగూ సరిచేసుకోవాలి:

చికెన్ అదోబోలో (వెనిగర్, సోయా సాస్‌తో చేసే కూర) వెనిగర్ ఘాటు పచ్చిగా గొంతుకు తగులుతోంది. ఇంకాసేపు మరిగిస్తే ఘాటు తగ్గుతోంది కానీ ముక్క చెదిరిపోయి, పులుసు ఉప్పు కషాయం అవుతోంది.

సినిగాంగ్‌లో (పుల్లటి పులుసు) సితావ్ (పొడవు అలసంద కాయలు) ఎంత ఉడికినా గట్టిగానే ఉంటోంది. చేమదుంప లోపల పలుకు. కాంగ్‌కాంగ్ (తూటికూర) మాత్రం గోధుమ రంగుకు తిరిగి మెత్తబడిపోతోంది.

పన్సిత్ బిహోన్ (సన్న నూడుల్స్) అరకిలో వండినా, కిలో వండినా చివరికి ముద్దే.

కరె-కరె (వేరుశనగ గ్రేవీతో చేసే ఎద్దు తోక కూర) గ్రేవీలో గడ్డలు కడుతున్నాయి, పైన నూనె తేలుతోంది.

కొలతలతో చెప్పగలరా? ముందురోజే చేసి పెట్టుకోదగ్గవి ఏవో కూడా చెప్పండి.

సుకా_సీసా

అదోబో గురించి చెప్తాను. మీరు రాసినదాన్ని బట్టి రెండు తప్పులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి: మొదట్లో మూత పెడుతున్నారు, సోయా సాస్ మొత్తం ముందే పోస్తున్నారు.

కిలో చికెన్‌కి (ఎముకతో ఉన్న తొడ, కాలు ముక్కలు; బ్రెస్ట్ వద్దు, పీచుగా ఎండిపోతుంది) వెనిగర్ అర కప్పు, సోయా సాస్ మూడో వంతు కప్పు, నీళ్లు ఒక కప్పు, ఒక వెల్లుల్లి గడ్డ మొత్తం చితక్కొట్టి, మిరియాలు ఒక టీస్పూన్ పొడి చేయకుండా, లారెల్ ఆకులు మూడు. విడిగా ఉప్పు వేయకండి.

వెనిగర్, నీళ్లు, వెల్లుల్లి, మిరియాలు, ఆకులు, చికెన్ గిన్నెలో వేసి పెద్ద మంట మీద మూత లేకుండా మరిగించండి. మరుగు పట్టాక మరో పది నిమిషాలు అలాగే ఉంచాలి. ముక్కుకు తగిలే ఘాటు ఆవిరితో పోయేది ఈ పది నిమిషాల్లోనే. మూత పెడితే ఆ ఆవిరంతా చుక్కలై మళ్లీ గిన్నెలోకే దిగుతుంది. ఆ తర్వాత సోయా సాస్‌లో సగం పోసి, మంట తగ్గించి, మూత సగం తెరిచి ఇరవై నిమిషాలు. ముక్క ఉడికిందనగానే చికెన్ బయటికి తీసేయండి. పులుసు దగ్గర పడేదాకా ముక్కని అందులో ఉంచడమే చెదరడానికి కారణం. వేరే పెనంలో రెండు చెంచాల నూనెలో ముక్కలు ఎర్రగా వేయించండి. ఈలోపు పులుసుని విడిగా సగానికి ఇగరనిచ్చి, రుచి చూసి, మిగతా సోయాలో ఎంత కావాలో అంతే పోసి, ముక్కలు మళ్లీ వేసి రెండు నిమిషాలు తిప్పితే చాలు. సోయాలో ఉన్న ఉప్పు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. ముందే మొత్తం పోస్తే కషాయం కాక తప్పదు.

వెనిగర్ ఏది వాడుతున్నారో రాయలేదు. ఇక్కడి చెరకు వెనిగర్‌కి పై కొలత సరిపోతుంది. బులాకాన్ వైపు నీపా అనే తాటిజాతి చెట్టు నీరాతో చేసే సుకాంగ్ పాఓంబోంగ్, విసయాస్‌లో కొబ్బరి కల్లుతో చేసే వెనిగర్ మెత్తగా ఉంటాయి, కాస్త ఎక్కువైనా ఓర్చుకుంటాయి. ఏ వాసనా లేని డిస్టిల్డ్ వైట్ వెనిగర్ అయితే మూడో వంతు తగ్గించండి. పూత లేని అల్యూమినియం గిన్నె అసలు వద్దు, పులుపు తగిలి లోహం రుచి దిగుతుంది. స్టీలు గానీ, ఎనామెల్ గానీ, మట్టి పలయోక్ గానీ వాడండి.

చికెన్‌ని రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టేవాళ్లుంటారు. అరగంట చాలు. అంతకు మించితే పైపొర సున్నం తగిలినట్టు తెల్లబడి పిండిపిండిగా అవుతుంది.

తాబో_తాబో

పైన చెప్పినదానికి ఒక చేర్పు. వెనిగర్ పోశాక మరిగేదాకా కలపకూడదని ఇక్కడ ప్రతి ఇంట్లోనూ చెప్తారు. అసలు పని చేసేది మూత తీసి మరిగించడమే, గరిటె పెట్టారా లేదా అన్నది కాదు. అయినా ఆ అలవాటు మంచిదే అంటాను, ఎందుకంటే పచ్చి చికెన్‌ని ఊరికే కెలికితే తోలు ఊడిపోతుంది.

పంది మాంసంతో చేసేవాళ్లకి: లియెంపో (పొట్ట భాగం) అయితే నీళ్లు రెండు కప్పులకి పెంచి, గంట పడుతుందనుకోండి. సోయా లేకుండా ఉప్పుతో, లేదా పాతిస్ అనే చేప సాస్‌తో చేసే అదోబాంగ్ పుతి కూడా ఒకసారి వండి చూడండి. సోయా రంగు, తీపి అడ్డం లేకపోవడంతో వెనిగర్ ఎంత కుదిరిందో అందులో నిజంగా తెలుస్తుంది. బతాంగాస్ వాళ్లు పసుపు కొమ్ము వేసి చేస్తారు, బికోల్‌లో చివర్లో కొబ్బరి పాలు పోస్తారు.

సంపాలోక్_చెట్టు

సినిగాంగ్‌లో మీ మూడు ఇబ్బందులకీ కారణం ఒకటే: పులుపు ఎప్పుడు పడుతోందన్నది. పులుపు పడ్డ నీళ్లలో కాయగూరల్ని గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ సరిగ్గా కరగదు. అందుకే సితావ్, చేమదుంప ఎంతసేపు ఉడికించినా బిగిసే ఉంటాయి. అదే పులుపు ఆకు పచ్చదనాన్ని మాత్రం నిమిషాల్లో చంపేస్తుంది. అంటే దుంపలు, కాయలు పులుపుకి ముందు పడాలి, ఆకు అన్నిటికన్నా చివర.

కిలో పంది పక్కటెముకలకి రెండు లీటర్ల బియ్యం కడిగిన నీళ్లు. మొదటి కడుగు పారబోసి రెండోది తీసుకోండి. ఆ నీళ్లలోని పిండి పులుసుకి కాస్త చిక్కదనం ఇస్తుంది. మాంసం వేసి మరిగాక పైన తేలే నురగంతా తీసేయాలి, బద్ధకించొద్దు. తర్వాత ఒక ఉల్లిపాయ, మూడు టమాటాలు నాలుగేసి ముక్కలుగా. చిన్న మంట మీద ముప్పావు గంట. అప్పుడు నాలుగు గాబీ (చేమదుంపలు) చెక్కు తీసి, రెండేసి ముక్కలుగా వేయండి. ఇరవై, ఇరవై అయిదు నిమిషాల్లో చాకు సులువుగా దిగాలి. పలుకుగా ఉన్న చేమ తింటే గొంతు దురద పెడుతుంది, ఇందులో రాజీ లేదు. ఒక దుంపని గిన్నె అంచుకి నొక్కి చిదిపేస్తే పులుసు చిక్కబడుతుంది.

ఈలోగా పక్క పొయ్యి మీద పావు కిలో పచ్చి సంపాలోక్ (చింతకాయలు) రెండు కప్పుల నీళ్లలో తోలు పగిలేదాకా, ఓ పావుగంట, ఉడికించి చిదిమి వడకట్టుకోండి.

మాంసం, చేమ రెండూ మెత్తబడ్డాక ముల్లంగి చక్రాలు, సితావ్ వేసి నాలుగైదు నిమిషాలు. అవి ఉడికాయని కొరికి చూశాకే చింతకాయ రసం. ఒకేసారి కుమ్మరించకుండా మూడు దఫాలుగా పోస్తూ రుచి చూడండి. తర్వాత వంకాయ, బెండకాయ (తొడిమ దగ్గర మాత్రమే కోసి, కాయ మొత్తంగా, ముక్కలు చేస్తే పులుసంతా జిగురు), రెండు పొడవు పచ్చిమిరపకాయలు, ఇంకో నాలుగు నిమిషాలు. కాంగ్‌కాంగ్ కాడలు వేసి ఒక నిమిషం, పొయ్యి ఆపి ఆకులు వేసి మూత. పాతిస్ రెండు చెంచాలతో మొదలుపెట్టండి.

రొయ్యలతో చేస్తే ఇదే వరస, రొయ్య మాత్రం ఆకుకి ముందు రెండు మూడు నిమిషాలే ఉండాలి. బంగుస్ (పాలబొంత చేప) అయితే పండిన జామకాయతో చేసే సినిగాంగ్ సా బయాబాస్ నాకు అన్నిటికన్నా మిన్న. తీపీ పులుపూ కలిసి చేప వాసనని అణుస్తాయి.

గరిటె_కెసోన్

చాలా ఉపయోగంగా ఉంది. సంపాలోక్‌చెట్టు గారూ, పనిదినాల్లో చింతకాయ ఉడికించే తీరిక ఉండదు. పాకెట్ పొడి వాడితే వరస మారుతుందా? ఇంకో మాట, వారానికి రెండు మూడు సార్లు తేలిగ్గా అయ్యేవి ఇంకేం చేయొచ్చు?

సంపాలోక్_చెట్టు

వరస అదే, ఉప్పు లెక్క మారుతుంది. పొడిలో ఉప్పు, అజినొమోటో ముందే ఉంటాయి. సగం పాకెట్ వేసి, రుచి చూసి, మిగతాది. పాతిస్ ఆ తర్వాతే, అదీ అవసరమైతే. పొడి పులుపు సూటిగా ఒకే దెబ్బగా ఉంటుంది కాబట్టి టమాటా ఇంకో రెండు పెంచండి. చింతకాయ దొరికిన రోజున కిలో ఉడికించి, వడకట్టిన రసం కప్పుల లెక్కన ఫ్రీజర్‌లో పెట్టుకుంటే పొడి అవసరమే ఉండదు. కమియాస్ (బిలింబి) దొరికితే ఇంకా హాయి, పది పన్నెండు కాయలు నేరుగా గిన్నెలో వేసి మెదపడమే.

వారం మధ్యలో చేసుకునేవాటిలో తినోలాని మించింది లేదు. రెండు బొటనవేళ్లంత అల్లం నిలువు చీలికలు, వెల్లుల్లి, ఉల్లి నూనెలో వేయించి, కిలో చికెన్, రెండు చెంచాల పాతిస్ వేసి ముక్క తెల్లబడేదాకా మగ్గనివ్వాలి. ఈ మగ్గించడాన్ని సంగ్‌కుట్సా అంటారు. చాలామంది ఇది వదిలేసి నేరుగా నీళ్లు పోస్తారు, అందుకే వాళ్ల తినోలా పసలేని చికెన్ నీళ్లలా ఉంటుంది. తర్వాత ఆరు కప్పుల నీళ్లు, అరగంట. నాటు కోడి అయితే గంటా గంటన్నర. పచ్చి బొప్పాయి ముక్కలో, సయోతె (సీమ వంకాయ) ముక్కలో పది నిమిషాలు. పొయ్యి ఆపాక రెండు గుప్పిళ్ల మునగాకు.

గినిసాంగ్ ముంగ్గో: పెసలు ఒక కప్పు, నీళ్లు అయిదు కప్పులు, నానబెట్టక్కర్లేదు, నలభై నిమిషాల్లో పగులుతాయి. వేరే మూకుట్లో వెల్లుల్లి, ఉల్లి, రెండు టమాటాలు బాగా మెత్తబడేదాకా వేయించి, పెసల్ని అందులో పోసి, చిదిపిన తినాపా (పొగబెట్టిన చేప), పాతిస్, చివర కాకర ఆకో మునగాకో. చాలా ఇళ్లలో, ముఖ్యంగా లెంట్ (ఈస్టర్‌కి ముందు క్రైస్తవుల ఉపవాస దినాలు) రోజుల్లో, శుక్రవారం వండేది ఇదే. టమాటా సగం వేగితే ముంగ్గో చప్పగా ఉంటుంది.

ఇలోకోస్_వంటిల్లు

పినక్‌బెత్ వదిలేశారు. కిలో కూరగాయలకి (చిన్న కాకరకాయలు, వంకాయ, బెండ, సితావ్) బగోంగ్ ఇస్దా, అంటే ఉప్పులో ఊరబెట్టిన చేపల పేస్టు, మూడు చెంచాలు, నీళ్లు అర కప్పు, అల్లం, టమాటా, ఉల్లి. ఉడకడానికి ఎక్కువ సమయం పట్టేవి అడుగున, మిగతావి పైన పేర్చి, మూతపెట్టి పావుగంట. గరిటె పెట్టకూడదు! గిన్నె చెవులు పట్టుకుని ఎగరేసి కుదపండి. కలిపితే కాకర చేదు అన్నిటికీ అంటుకుంటుంది, వంకాయ నలుగుతుంది. కాయలు ముడతలు పడి, నీరు ఇంకి, అడుగున రెండు చెంచాల రసం మిగిలితే అయినట్టు. గుమ్మడికాయ, ఊరబెట్టిన సన్న రొయ్య వేసేది తగలోగ్ (మనీలా వైపు) ఇళ్ల పద్ధతి. అదీ బాగానే ఉంటుంది కానీ గుమ్మడి తీపికి కాకర లొంగిపోతుంది.

ల్యానేరా

ఇక పుట్టినరోజు. పుట్టినరోజు బల్ల మీద పన్సిత్ ఉండి తీరాలి, పొడవాటి పోగులు దీర్ఘాయుష్షుకి గుర్తు. అందుకే బిహోన్‌ని తుంచకూడదు, కత్తిరించకూడదు. మీ ఇరవై మందికి, మిగతా వంటలు కూడా ఉంటాయి కాబట్టి, కిలో బిహోన్ చాలు. కానీ కిలో ఒకే మూకుట్లో వండకండి. కిలో వండినప్పటి ముద్దకి సగం కారణం అదే అయ్యుంటుంది. అరకిలో చొప్పున రెండు వాయిలు.

అరకిలోకి: బిహోన్ని మామూలు నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, ఒక పోగు వేలికి చుట్టి చూడండి. విరక్కుండా చుట్టుకుంటే వెంటనే తీసి వడకట్టండి. వేడి నీళ్లు వద్దు. నానిన బిహోన్ మళ్లీ మరిగే రసంలో ఉడుకుతుందని గుర్తుంచుకోండి. చికెన్ ఉడికించిన రసం నాలుగున్నర కప్పులు పక్కన ఉంచుకోండి. మూకుట్లో వెల్లుల్లి, ఉల్లి, చీల్చిన చికెన్, తర్వాత క్యారెట్, బీన్స్, క్యాబేజీ పెద్ద మంట మీద మూడు నిమిషాలు తిప్పి, కూరగాయలన్నీ బయటికి తీసేయండి. అదే మూకుట్లో నాలుగు కప్పుల రసం, నాలుగు చెంచాల సోయా, మిరియాల పొడి వేసి, గలగలా మరుగుతుండగా బిహోన్ వేయాలి. గరిటెతో తిప్పకండి. రెండు పెద్ద ఫోర్కులతో కింద నుంచి పైకి ఎత్తి వదులుతూ ఉండండి. నాలుగైదు నిమిషాల్లో రసం పీల్చేస్తుంది. పోగు మధ్యలో ఇంకా తెల్లగా ఉంటేనే మిగిలిన అర కప్పు. అప్పుడు కూరగాయలు పైన. రసం చల్లగా ఉన్నా, ఎక్కువైనా బిహోన్ మెల్లగా ఉబ్బి పిండి వదులుతుంది, అదే ముద్ద. పాకెట్ వెనక కూడా చూడండి, బియ్యంతో చేసినదా, మొక్కజొన్న పిండిదా అన్నదాన్ని బట్టి నానే సమయం మారుతుంది.

కరె-కరె: కిలోన్నర ఎద్దు తోక ముక్కలు రెండున్నర నుంచి మూడు గంటలు చిన్న మంట మీద. బోటి వేస్తే దాన్ని విడిగా ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. గడ్డలు కట్టేది వేయించిన బియ్యప్పిండి వేడి రసంలో నేరుగా చల్లడం వల్ల. పావు కప్పు బియ్యం గోధుమరంగు వచ్చేదాకా దోరగా వేయించి, మెత్తగా పొడి చేసి, గోరువెచ్చని రసం ఒక కప్పులో పలుచగా కలిపి, అప్పుడు సన్నధారగా పోయాలి. పీనట్ బటర్ ఒక కప్పు, చక్కెర కలపనిది, అది కూడా వేడి రసంలో విడిగా కరిగించి చివరి పావుగంటలోనే. ఆ తర్వాత పెద్ద మంట పెడితే నూనె విడిపోతుంది, అడుగంటుతుంది. కనిపెట్టుకుని కలుపుతూ ఉండండి. రంగుకి రెండు చెంచాల అత్‌సువెతె (జాఫ్రా గింజలు) అర కప్పు వేడి నీళ్లలో నలిపి వడకట్టండి. నూనెలో వేయిస్తే మాడి చేదెక్కే ప్రమాదం ఉంది. అరటి పువ్వు, వంకాయ, సితావ్, పెచాయ్ (చైనీస్ ఆకు క్యాబేజీ) విడిగా ఉడికించి వడ్డించే ముందు కలపాలి, లేకపోతే వాటి నీరు దిగి గ్రేవీ పలుచబడుతుంది. గ్రేవీలో ఉప్పు దాదాపు ఉండదు, ఉండకూడదు. ఉప్పంతా పక్కన పెట్టే బగోంగ్ అలమాంగ్‌లో (ఊరబెట్టిన సన్న రొయ్యలు) ఉంటుంది. మీ ఇరవై మందికి ఈ కొలతలన్నీ రెట్టింపు.

లుంప్యా షాంఘైలో (సన్నటి పిండి రేకుల్లో ఖీమా చుట్టి నూనెలో వేయించేవి) పంది మాంసం బదులు చికెన్ తొడ ఖీమా. బ్రెస్ట్‌తో చేస్తే లోపల రంపపు పొట్టు. అరకిలో ఖీమా, ఒక క్యారెట్, ఒక ఉల్లి (సన్నగా తరిగి, ఉప్పు చల్లి, గట్టిగా పిండి), ఒక గుడ్డు, టీస్పూన్ ఉప్పు, రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్. చెంచాడు చొప్పున వేలంత లావుగా చుడితే నలభై వస్తాయి. మీకు ఎనభై కావాలి. నూనెలో పగిలేది లోపలి నీటి వల్ల గానీ, వదులుగా చుట్టినప్పుడు మిగిలిన గాలి వల్ల గానీ. ఫ్రీజర్ నుంచి తీశాక కరగనివ్వకుండా నేరుగా, నూట అరవై అయిదు డిగ్రీల నూనెలో ఏడెనిమిది నిమిషాలు, వాయికి పదికి మించకుండా.

తాబో_తాబో

పంది మాంసం తినని ముగ్గురి గురించి. చికెన్ వండడంతో సరిపోదు, దాక్కునే చోట్లు ఉన్నాయి: ముంగ్గో, పన్సిత్ మీద చల్లే చిచారోన్ (వేయించిన పంది తోలు), వేయించి సీసాల్లో అమ్మే బగోంగ్ అలమాంగ్ (కొన్నిటిలో పంది కొవ్వు ఉంటుంది). పచ్చి అలమాంగ్ కొని మీరే వేయించండి: ఒక కప్పు అలమాంగ్ (మరీ ఉప్పగా ఉంటే జల్లెడలో ఒకసారి కడిగి), నూనె, వెల్లుల్లి, ఉల్లి, ఒక టమాటా, ఒక చెంచా వెనిగర్, రెండు చెంచాల చక్కెర, పది నిమిషాలు. వాళ్లు ముస్లింలైతే చికెన్, బీఫ్ హలాల్ గుర్తు ఉన్నవే కొనాలి. వేయించే నూనె, గరిటెలు కూడా వేరు. ఆ రోజుకి పంది మాంసం అసలు వండకపోవడమే తేలిక. అదోబో, లుంప్యా, పన్సిత్ చికెన్‌తో, కరె-కరె బీఫ్‌తో అయిపోతుంటే లోటేమీ ఉండదు.

గరిటె_కెసోన్

పంది మాంసం మానేస్తున్నాను, సులువు. ముందురోజు పనుల సంగతి? తీపికి లెచె ఫ్లాన్ (గుడ్డు, పాల పుడ్డింగ్) అనుకుంటున్నా. ప్రతిసారీ తేనెపట్టులా కన్నాలు పడుతున్నాయి.

ల్యానేరా

కన్నాలకి కారణం మంట. నీళ్లు తెర్లుతుంటే గుడ్డు గబగబా బిగుసుకుని, బుడగలు లోపలే ఉండిపోతాయి. పది పచ్చసొనలు, ఒక డబ్బా కండెన్స్‌డ్ మిల్క్, ఒక డబ్బా ఎవాపొరేటెడ్ మిల్క్, దయాప్ (ఇక్కడి నిమ్మ) తొక్క తురుము కొంచెం. నురగ రాకుండా చెంచాతో మెల్లగా కలిపి, రెండుసార్లు వడకట్టండి. ల్యానేరా అచ్చులో మూడు చెంచాల చక్కెర నేరుగా మంట మీద కరిగించి, తేనె రంగు దాటగానే దించండి. దించాక కూడా అది ముదురుతూనే ఉంటుంది. మిశ్రమం పోసి, రేకు కప్పి, అడుగున నీళ్లు చిన్నగా కదిలేంత మంట మీద ముప్పై అయిదు నిమిషాలు ఆవిరి పట్టాలి. ఆవిరి గిన్నె మూతకి గుడ్డ కడితే చుక్కలు పడవు. కదిపితే మధ్యలో కొద్దిగా వణకాలి. ఈ కొలత రెండు మధ్యరకం అచ్చులకి. ఇరవై మందికి నాలుగు అచ్చులు చేయండి.

వారం ముందే లుంప్యా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టేయండి. ముందురోజు అదోబో (మర్నాటికి ఇంకా బాగుంటుంది, నాలుగు కిలోలు), తోక ముక్కలు ఉడికించి రసంతో సహా ఫ్రిజ్‌లో, బగోంగ్, ఫ్లాన్. రసం మీద గడ్డకట్టిన కొవ్వు మర్నాడు చెంచాతో తీసేయొచ్చు, మీ తేలే నూనెలో సగం అలా పోతుంది. ఆ రోజు పొద్దున కూరగాయలు కోసి, కరె-కరె పూర్తి చేసి, పన్సిత్ మాత్రం అతిథులు రావడానికి గంట ముందు. లుంప్యా అందరూ వచ్చాక. బియ్యం రెండు కిలోలు.

సుకా_సీసా

సావ్‌సావన్ (కంచం పక్కన పెట్టుకుని నంజుకునేవి) మర్చిపోకండి. అన్నీ గిన్నెలో సరిపెట్టాలని చూసేవాళ్లే ఉప్పు, పులుపు ఎక్కువ చేస్తారు. ఇక్కడి వంట చివరి సర్దుబాటు కంచం పక్కనే జరుగుతుంది. సోయా, కలమాన్సీ (ఇక్కడి చిన్న పుల్లటి నిమ్మ) రసం సమానంగా కలిపితే తోయోమాన్సీ. లుంప్యాకి అర కప్పు వెనిగర్‌లో చితక్కొట్టిన వెల్లుల్లి, రెండు సిలింగ్ లబుయో మిరపకాయలు, చిటికెడు ఉప్పు, గంట ముందే కలిపి. సినిగాంగ్‌కి, తినోలాకి పాతిస్, కలమాన్సీ. పన్సిత్‌కి కలమాన్సీ ముక్కలు ఒక పళ్లెం నిండా పెట్టండి. ఇరవై మందికి పావు కిలో సరిపోదు, అరకిలో కొనండి.

మిగిలిన అన్నం ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెడితే మర్నాడు సినంగాగ్: నాలుగు కప్పుల చల్లటి అన్నానికి ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, నూనె బదులు అదోబో మీద తేలిన కొవ్వు మూడు చెంచాలు. వెల్లుల్లి బంగారు రంగుకి రాగానే అన్నం వేసేయాలి, ఒక్క నిమిషం ఆలస్యమైనా చేదు. మిగిలిన అదోబో ముక్కల్ని పీచులుగా చీల్చి కరకరలాడేలా వేయించి పైన చల్లుకోండి. పన్సిత్ మిగిలితే రాత్రంతా బయట ఉంచొద్దు, ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు రెండు చెంచాల రసం చిలకరించి మూతపెట్టి వేడి చేయండి.